నాలుగు హద్దుల నడుమ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడు అని మాత్రం అనలేదు. ఆ సామెత పుట్టిన కాలంలో ఇల్లు తాతతండ్రుల నుంచి సంక్రమించేది. లేకపోతే ఉన్న స్థలంలో కట్టుకునేవారు. పరాయివారి ఇంటిని సొమ్మిచ్చి కొనుక్కోవటం అరుదు. ఇల్లు అమ్ముకున్నాడంటే ఆ మనిషి చితికిపోయినాడని ఊరు చెప్పుకునేది. కనుకనే కట్టటంలోని కష్టానికి సామెత ఏర్పడినది గాని, కొనటంలోని కష్టానికి ఏర్పడలేదు.

నేడు ఆ కష్టం మధ్యతరగతి ఇళ్ళన్నిటికీ వచ్చినది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి విరమించిన ఉపాధ్యాయుని చేతికి గ్రాట్యుటీ, భవిష్యనిధి ఒక్కసారిగా వస్తాయి. అంత సొమ్ము ఒకేచోట చూడటం అతనికి అదే మొదలు. బహుశా అదే కడపటిసారి కూడా. ఆ సొమ్ముకు రెండు దారులు కనబడతాయి. ఒకటి, నగరంలో అపార్టుమెంటులో మూడు గదుల వాటా. రెండవది, చిన్న పట్టణపు అంచున, పది సెంట్ల దొడ్డి నడుమ నిలిచిన ఒంటి అంతస్తు పెంకుటిల్లు. మొదటిది తరచుగా పిల్లలు చెప్పే దారి. రెండవది అతని మనస్సు చెప్పే దారి. మనస్సు చెప్పిన దారిలో నడవదలచినవాడు తాను నిజంగా కొంటున్నది ఏమిటో, దానిని ఎట్లా కొనాలో, కొన్న తరువాత ఎట్లా నిలుపుకోవాలో ముందుగా తెలుసుకోవటం అవసరం. ఎందుకంటే, ఇట్టి బేరంలో పొరపాటు జరిగితే దిద్దుకోవటానికి మరొక ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఉండదు.

గొలుసు చదరం

పది సెంట్లు అనే లెక్కలో ఒక అందం ఉన్నది. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణితశాస్త్రజ్ఞుడు 17వ శతాబ్ది తొలిపాదంలో నేలను కొలవటానికి 66 అడుగుల గొలుసును ఏర్పరచినాడు. దానికి నూరు లింకులు. ఆ గొలుసే తరువాత సర్వేదారుల వెంట భారతదేశానికి వచ్చినది. ఒక గొలుసు పొడవు, పది గొలుసుల వెడల్పు గల నేల ఒక ఎకరం. ఎకరంలో నూరోవంతు సెంటు. కనుక ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల చదరం సరిగ్గా పది సెంట్లు అవుతుంది. 66ను 66తో గుణిస్తే 4,356 చదరపు అడుగులు, గజాలలో 484. తెలంగాణలో ఇదే నేలను నాలుగు గుంటలు అంటారు. గుంటకు 121 గజాలు. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలలో అంకణాల లెక్క ఉన్నది గాని, అంకణం కొలత ఊరికొక తీరుగా ఉంటుంది. కాబట్టి బేరం ఏ కొలతలో సాగినా, కాగితం మీద చదరపు గజాలు, నాలుగు వైపుల అడుగులు విడివిడిగా వ్రాయించుకోవటం క్షేమం.

ఆ చదరంలో వేయి చదరపు అడుగుల ఇల్లు ఉన్నదనుకుందాం. అది ఆక్రమించేది నేలలో నాలుగోవంతు కంటె తక్కువ. మిగిలిన 3,356 చదరపు అడుగులు ఆకాశం కిందనే ఉంటాయి. బేరం వద్ద మధ్యవర్తి తరచుగా, “ఇంటిని లెక్కలో వేసుకోకండి, స్థలం ధరే చెబుతున్నాం” అంటాడు. అరవై ఏళ్ళనాటి పెంకుటింటికి అతని లెక్కలో విలువ లేదు. టేకు దూలాలకు, గుమ్మాలకు, తలుపులకు మాత్రమే పాత కలప ధర కొంత వస్తుంది. ఇంటికి ఏటేటా వయస్సు పెరుగుతుంది. నేలకు ఏటేటా ధర పెరుగుతుంది.

మధ్యవర్తి చెప్పినది సగం నిజం. కొనేవాడు కొంటున్నది ముఖ్యంగా ఖాళీనే. అయితే ఆ ఖాళీని చూసే కళ్ళు రెండు రకాలు. మధ్యవర్తి దానిని రేపు లేవబోయే కట్టడానికి స్థలంగా చూస్తాడు. కాపురానికి కొనేవాడు దానిని నేడు అనుభవించే వస్తువుగా చూస్తాడు. నేల ఒకటే, ధర కూడా ఒకటే. కాని ఆ ధర కాపురం చేసేవాని అవసరాన్ని బట్టి ఏర్పడినది కాదు. కూలగొట్టి కట్టేవాని ఆశను బట్టి ఏర్పడినది. చిన్న జీతగానికి విశాలమైన దొడ్డి నానాటికీ అందరాని వస్తువు కావటానికి కారణం ఇదే.

దొడ్డి ఎందుకు ఖాళీ అయినది

తెలుగునాట నేలను అంటిపెట్టుకొన్న ఇళ్ళు ఒకే తీరువి కావు. ఉత్తరాంధ్ర తీరంలో తుపాను గాలి చుట్టి జారిపోయేటట్లు గుండ్రంగా కట్టిన తాటాకు చుట్టిళ్ళు ఉండేవి. గోదావరి జిల్లాలలో నడుమ ఆకాశానికి తెరచిన మండువా లోగిళ్ళు, రాయలసీమలో ఎండ దిగకుండా మందంగా మట్టి పరచిన మిద్దెలు, తెలంగాణలో నడిమి వాకిలి గల భవంతులు వెలసినవి. కప్పులోనూ ఆకారంలోనూ ఎంత భేదమున్నా, కాస్త కలిగిన రైతుకుటుంబమైతే ఇంటి వెనుక ఒక దొడ్డి ఉండేది. అది విలాసం కొరకు వదలిన చోటు కాదు. అక్కడ పశువుల కొట్టం, గడ్డివాము, ఎరువు కుప్ప, బావి, కూరపాదులు, నాలుగు చెట్లు ఉండేవి. బండి తిరగటానికి చోటు కావాలి. నూర్చిన ధాన్యం, కోసిన మిరప ఆరబోయటానికి చోటు కావాలి. దొడ్డి సేద్యానికి అనుబంధం.

ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చినది. ధాన్యం కళ్ళం నుంచే మిల్లుకు పోతున్నది. పిల్లలు చదువుకొని హైదరాబాదుకో, బెంగుళూరుకో, సముద్రాలు దాటో పోయినారు. దొడ్డికి పని లేకపోయినది. పని లేని దొడ్డిలో మొదట పిచ్చిమొక్కలు మొలుస్తాయి. తరువాత అమ్మకపు మాట మొలుస్తుంది. విశాలమైన పెరడు గల పాత ఇళ్ళు అమ్మకానికి రావటానికి ఇది ఒక ముఖ్య కారణం. కాబట్టి కొనేవాడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న: పశువులు లేని ఈ నేలకు తాను ఏ పని ఇవ్వగలడు?

ఖాళీ చేసే పని

ఆ ప్రశ్నకు సమాధానం లెక్కలతో చెప్పవచ్చు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. పది సెంట్లంటే సుమారు 405 చదరపు మీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ దొడ్డి మీద, ఇంటి కప్పుతో సహా, 3 లక్షల 64 వేల లీటర్ల నీరు కురుస్తుంది. అందులో సగం ఆవిరైనా, పారిపోయినా, 1 లక్షా 82 వేల లీటర్లు మిగులుతుంది. పట్టణ నీటిపథకాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ఒక లెక్క పెట్టుకున్నారు. అయిదుగురు గల కుటుంబానికి ఆ నీరు తొమ్మిది నెలల వాడకంతో సమానం. నేలంతా సిమెంటు పోసినవాడు ఆ నీటిని వీధి కాలువకు దానం చేసి, వేసవిలో ట్యాంకరుకు సొమ్ము చెల్లిస్తాడు. మట్టిని మట్టిగా వదలినవాని బావి కొంత నిండుతుంది. పొరుగువాని బోరుకు కూడా ఆ ఊట అందుతుంది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టానికి నీరు, భూమి, చెట్ల చట్టమని పేరు. ఆ మూడింటినీ విడదీసి కాపాడటం సాధ్యం కాదని ఆ పేరే చెబుతున్నది.

చెట్ల సంగతి కూడా అంతే. ఒంటి అంతస్తు ఇంటికి ఒక బలహీనత ఉన్నది: పైన మరొక అంతస్తు లేదు గనుక ప్రతి గది నెత్తినా ఎండ పడుతుంది. దానికి విరుగుడు పడమటి వైపున ఒక వేపచెట్టు. మధ్యాహ్నం తరువాతి ఎండను అది తన మీద వేసుకుంటుంది. మునగ, కరివేప, అరటి, బొప్పాయి ఇంటి ఖర్చును కొంత తగ్గిస్తాయి. పెరటి చెట్టు మందుకు రాదని సామెత. అయితే పెరడే లేని కాలంలో ఆ సామెతకు అర్థం చెప్పటానికి ఉపాధ్యాయుడు పిల్లలకు ముందు పెరడంటే ఏమిటో చెప్పవలసి వస్తున్నది.

ఒంటి అంతస్తుకు ఉన్న అసలు బలం ముసలితనంలో తెలుస్తుంది. మోకాళ్ళు సహకరించని వయస్సులో మెట్లు లేని ఇల్లు ఒక వరం. తెల్లవారి తలుపు తీస్తే కాలు నేల మీద పడుతుంది. పక్షవాతం వచ్చినవానిని కుర్చీలో కూర్చుండబెట్టి చెట్టు కిందికి తీసుకొనిపోవచ్చు. లిఫ్టు ఆగిపోయి నాలుగవ అంతస్తులో చిక్కుకునే భయం లేదు.

అట్లాగని కష్టాలు లేవని కాదు. పది సెంట్లు ఊడ్చటం తేలిక కాదు. రాలిన ఆకు, పెరిగిన గడ్డి, వానాకాలంలో పాములు, ఎప్పుడు పడుతుందో తెలియని కొబ్బరి మట్ట దొడ్డితో పాటు వస్తాయి. ఏటా వానలకు ముందు పెంకు సవరించవలసి ఉంటుంది. ఆ పని తెలిసినవారు తగ్గిపోతున్నారు. అరవై ఏళ్ళ దంపతులు తమకు డెబ్బై అయిదేళ్ళు వచ్చినప్పుడు ఈ నేలను ఎవరు చూస్తారో ఆలోచించకుండా కొంటే, వరమనుకున్నది బరువవుతుంది.

ఒక మాట చేసిన ప్రయాణం

విశాలమైన నేలలో ఒంటి అంతస్తు ఇల్లు అనే కోరిక తెలుగువారిది మాత్రమే కాదు. ఇంగ్లీషులో అట్టి ఇంటికి ఉన్న పేరే ఈ దేశం నుంచి పోయినది. బంగళా అంటే బంగాళదేశపు ఇల్లు. వంగదేశంలోని పల్లె ఇంటిని చూసి ఇంగ్లీషువారు 17వ శతాబ్దిలోనే ఆ మాటను తమ వ్రాతలలో వాడుకున్నారు. తరువాత చుట్టూ వసారా, ఆ చుట్టూ తోట గల తమ నివాసాలకు అదే పేరు పెట్టుకున్నారు. 19వ శతాబ్ది చివరిభాగంలో ఇంగ్లండు కెంట్ తీరంలో బంగళాలు లేచినవి. కవి, చిత్రకారుడు డాంటే గాబ్రియెల్ రోసెట్టి 1882లో బర్చింగ్టన్‌లోని అట్టి ఒక బంగళాలోనే కన్నుమూసినాడు.

విచిత్రమేమంటే, పల్లెవాని గుడిసె పేరు తెలుగులో దొరల భవనానికి స్థిరపడినది. బంగళా అంటే ఇక్కడ కలవారి ఇల్లు. ఇంగ్లండులో అదే మాటకు సామాన్యుని ఒంటి అంతస్తు ఇల్లు అని అర్థం. ఒక మాటకు రెండు దేశాలలో అర్థం తారుమారైనది గాని, దాని వెనుకనున్న కోరిక మారలేదు: నేల మీద కాపురం, చుట్టూ కొంత చోటు.

ఆ కోరికను అమెరికా సామాన్యునికి అందించబూనినది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1947లో, న్యూయార్కు సమీపాన లాంగ్ ఐలాండులో లెవిట్‌టౌన్ అనే కాలనీ మొదలైనది. అక్కడ 17 వేలకు పైగా ఇళ్ళు కట్టినారు. ఒక్కొక్క స్థలం సామాన్యంగా 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. అంటే దాదాపు 14 సెంట్లు. తొలి ఇళ్ళు 750 చదరపు అడుగులే. ఇల్లు చిన్నది, నేల పెద్దది. సంసారం పెరిగిన కొద్దీ యజమానులు ఆ ఖాళీలోకి గదులు పెంచుకున్నారు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు అది స్వర్గంగా తోచినది. కాని శ్వేతజాతీయులు కానివారు అక్కడ నివసించరాదనే షరతు తొలి ఒప్పందాలలో ఉన్నది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఇట్టి షరతులను న్యాయస్థానాలు అమలు జరుపరాదని తీర్పు చెప్పినా, నల్లవారిని దూరంగా ఉంచే ఆచారం ఆ తరువాత కూడా సాగినది.

ఇంటి చుట్టూ ఖాళీ ఎవరికి దక్కుతుందనే ప్రశ్న తెలుగునాటకు కూడా కొత్తది కాదు. ఊరి నడుమ దొడ్డి గల లోగిలి కొన్ని కులాలకే ఉండేది. ఊరి బయటి వాడలలో ఇంటి చూరుకు ఇంటి చూరు తగిలేది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ళ స్థలాల పంపిణీలో పట్టణంలో పేద కుటుంబానికి ఇచ్చినది ఒక సెంటు, గ్రామంలో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల చిల్లర. పది సెంట్ల దొడ్డి కొనేవాడు ఆ లెక్కన పది కుటుంబాల చోటును కొంటున్నాడు. అది నేరం కాదు. అయితే అంత నేలను గోడ కట్టి ఊరక ఉంచటానికీ, నీటికీ నీడకూ పిల్లల ఆటకూ పనికివచ్చేటట్లు ఉంచటానికీ తేడా ఉన్నదని మాత్రం అతనికి తెలిసి ఉండాలి.

కాగితంలోని ఇల్లు

అపార్టుమెంటులో తగాదా నీటి మోటారు గురించో, వాహనం నిలిపే చోటు గురించో వస్తుంది. దొడ్డి గల ఇంటిలో తగాదా నేల గురించే వస్తుంది. కనుక ఇంటిని చూడకముందే కాగితాలు చూడటం విజ్ఞత.

1882 నాటి ఆస్తిబదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తిని ప్రత్యక్షంగా అమ్మటం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. బయానా ఇచ్చి వ్రాయించుకున్న అగ్రిమెంటు అంతమాత్రాన నేల మీద హక్కును కలిగించదు. ఆమోక్తారు పత్రం, అంటే జీపీఏ, చేతబట్టుకొని “ఇదే అమ్మకం” అనేవారున్నారు. అట్టి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసినది.

రిజిస్ట్రారు కచేరీలో ఇచ్చే ఈసీని చూసి నిశ్చింతగా ఉండేవారు చాలామంది. ఆ పత్రం రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపుతుంది. పెట్టెలో దాగిన వీలునామా అందులో కనబడదు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న సంగతి కనబడదు. అసలు దస్తావేజులను బ్యాంకులో ఉంచి తెచ్చుకున్న అప్పు సైతం కనబడకపోవచ్చు. అందువల్ల పూర్వపు దస్తావేజుల అసలు ప్రతులను వరుసగా కళ్ళారా చూడాలి. నకలు ఇచ్చి, అసలు పోయినదని చెబితే అక్కడ ఆగి విచారించాలి.

పల్లెలలో మరొక చిక్కు ఉన్నది. పాత ఇళ్ళు గ్రామకంఠంలో ఉంటాయి. పొలాలకు సర్వే నంబరు, పట్టా ఉన్నట్లు ఆ ఇళ్ళకు విడివిడిగా ఉండేవి కావు. తరాల తరబడి అనుభవమే హక్కుగా సాగినది. 2020లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం ఇట్టి నివాసస్థలాలను డ్రోన్లతో కొలిచి యజమానులకు పత్రాలు ఇవ్వటానికి ఉద్దేశించినది. ఆ పత్రం లేని చోట ఇంటిపన్ను రసీదులు, పాత క్రయపత్రాలు, ఇరుగుపొరుగువారి మాట మరింత జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుంది.

అన్నిటికన్న పెద్ద చిక్కు సంతకాలది. దొడ్డి గల పాత ఇల్లు సాధారణంగా ఒకరిది కాదు. తాత సంపాదించినది, తండ్రి అనుభవించినది, పిల్లలందరికీ చెందినది. అన్నదమ్ములు నలుగురూ సంతకం చేస్తారు. అక్కచెల్లెళ్ళ మాట ఎత్తితే, “వారికి పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చివేసినాం” అంటారు. చట్టం అట్లా అనదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కుమార్తెకు వారసత్వం కల్పించినది. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, ఆనాటికి పెళ్ళి కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళయినవారితో సహా కుమార్తెలందరికీ ఆ హక్కును విస్తరించినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిపోయిన పంపకాలకు, అమ్మకాలకు మాత్రం ఇది వర్తించదు.

ఇందులో చట్టం ఒక్కటే కాదు, ధర్మం కూడా ఉన్నది. ఆ దొడ్డిలో ఆడుకొని పెరిగిన ఆడపడుచుకు తెలియకుండా ఆ ఇల్లు కొనటం న్యాయం కాదు. ఆమె ఇష్టపడి సంతకం చేస్తే కొనేవానికి భద్రత. ఆమెకు రావలసిన వాటా ఆమె చేతికి చేరుతుంది. సంతకం కొరకు దూరపు ఊరు పోవలసి వచ్చినా, నెల రోజులు ఆగవలసి వచ్చినా, ఆ జాప్యం లాభమే.

హద్దులు, చూరునీళ్ళు

కాగితం సరిపోయిన తరువాత నేలను కొలవాలి. దస్తావేజులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు వ్రాసి ఉంటాయి. ‘ఉత్తరం ఫలానావారి గోడ’ అని ఉంటే ఆ గోడ ఎవరిది, ఉమ్మడిదా అని అడగాలి. అరవై ఏళ్ళ క్రితం హద్దుగా వ్రాసిన చింతచెట్టు నేడు ఉండకపోవచ్చు. టేపు పట్టి నాలుగు వైపులా కొలిస్తే, 66 అడుగులని వ్రాసిన చోట 62 అడుగులే తేలవచ్చు. ఆ నాలుగు అడుగులు పొరుగువాని పాకలో ఉండవచ్చు. యజమాని హక్కును కాదని పన్నెండేళ్ళు బాహాటంగా అనుభవించినవానిపై దావా వేసే గడువు 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం తీరిపోతుంది. విదేశాలలో స్థిరపడిన తెలుగువారు సొంత ఊరిలో దొడ్డి కొని, కాపలాకు ఒకరిని పెట్టి, ఏళ్ళ తరబడి రాకపోతే ఎదురయ్యే ప్రమాదం ఇదే.

హక్కులు నేలలో కనబడకుండా కూడా ఉంటాయి. పొరుగింటి చూరునీళ్ళు ఈ దొడ్డిలో పడుతూ ఉండవచ్చు. వెనుకింటివారు ఈ దొడ్డి గుండా బావికి నడుస్తూ ఉండవచ్చు. ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా అనుభవించిన దారికి, వెలుతురుకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం రక్షణ ఇస్తుంది. కొన్న మరునాడే ప్రహరీ లేపి ఆ దారి మూసినవాడు ఇంటితో పాటు ఒక వ్యాజ్యాన్ని కూడా కొనుక్కున్నట్లే. ముందుగా ఇరుగుపొరుగును పలకరిస్తే ఇవన్నీ తెలుస్తాయి.

ఇంటిని చూడటానికి మంచి కాలం వానాకాలం. ఎండాకాలంలో అన్ని కప్పులూ గట్టివే. వాన పడుతున్నప్పుడు ఎక్కడ కారుతున్నదో, గోడ ఎంత ఎత్తు వరకు చెమ్మగిల్లినదో, దొడ్డిలో నీరు ఎటు పారుతున్నదో చూడాలి. పాత వీధులలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి పోయిన ఇంటిలోకి నేడు దిగి పోవలసి వస్తున్నది. అట్టి ఇంటిలోకి మనుషుల కంటె ముందు వీధి నీరు దిగుతుంది. దూలాలనూ వాసాలనూ తట్టి చూస్తే చెదలు తిన్నది డొల్లగా మ్రోగుతుంది. బావికీ మరుగుగుంటకూ ఎంత దూరమున్నదో చూసి, బావినీటిని పరీక్ష చేయించాలి.

కొన్న తరువాత

ఇన్ని జాగ్రత్తలు తీసుకొని కొన్న ఇల్లు ఎంతకాలం నిలుస్తుంది? దీనికి కూడా గొలుసు లెక్కలోనే సమాధానం ఉన్నది. 66 అడుగుల వెడల్పు గల స్థలాన్ని ఇద్దరు పిల్లలు పంచుకుంటే ఒక్కొక్కరికి 33 అడుగులు. వారి పిల్లలు ఇద్దరిద్దరు పంచుకుంటే పదహారున్నర అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు గల పట్టీ మిగులుతుంది. అందులో నడవటానికి దారి వదిలితే గదికి చోటు తక్కువ. చెట్టుకు చోటే లేదు. తాత కొన్నది దొడ్డి. మనుమలకు దక్కినది సందు.

అప్పుడు కట్టుబడిదారు వస్తాడు. స్థలం ఇస్తే కట్టి, సగం వాటాలు ఇస్తానంటాడు. పది వాటాల భవనం లేస్తుంది. ఒక్కొక్క వాటాకు కాగితం మీద వచ్చే అవిభాజ్యమైన నేల 48 గజాల చిల్లర. సరిగ్గా ఒక సెంటు. దానిని చూపగలరు గాని విడదీసి అనుభవించలేరు. పది కుటుంబాలకు నీడ దొరుకుతుందనేది ఆ మార్పులోని మంచి, దానిని కాదనలేం. ఊరికి ఇళ్ళు కావాలి, నేల పెరగదు. కాని వేపచెట్టు, బావి, వాననీరు ఇంకే మట్టి ఒకసారి పోతే, ఎంత సొమ్ము పోసినా అవి తిరిగి రావు.

దీనికి మధ్యేమార్గాలు లేకపోలేదు. స్వార్జితమైన ఇంటిని ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే స్వేచ్ఛ యజమానికి ఉన్నది. దొడ్డిని ముక్కలు చేయకుండా ఒకరికి వ్రాసి, మిగిలినవారికి సొమ్ము రూపంలో వాటా ఏర్పాటు చేయవచ్చు. కట్టవలసి వస్తే ఒక మూలకు ఒదిగి కట్టి, సగం నేలను మట్టిగానే వదలవచ్చు. పాత ఇంటి మీద భారం వేయకుండా దొడ్డిలో రెండు గదుల చిన్న ఇల్లు లేపి, అద్దెకిచ్చి, ఆ రాబడితో పెంకు సవరించుకోవచ్చు. వీటిలో ఏది చేయాలన్నా తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే, కొడుకులనూ కూతుళ్ళనూ ఒకచోట కూర్చుండబెట్టి మాట్లాడాలి. దహనసంస్కారాల మరునాడు మొదలైన సంభాషణలో చెట్టు మాట ఎవరూ ఎత్తరు.

విశాలమైన దొడ్డిలో చిన్న ఇల్లు కొనాలనుకోవటం పాతకాలపు మోజు అని కొట్టివేయటం తొందరపాటు. దానిలో నీటి లెక్క, ఆరోగ్యం, ముసలితనపు సౌకర్యం ఉన్నాయి. దానిని చవకబేరమని అనుకోవటం అంతకంటె తొందరపాటు. దానిలో ఆడపడుచు హక్కు, పొరుగువాని దారి, రాబోయే తరం పంపకం కూడా చేరి ఉన్నాయి. పది సెంట్లు కొనటానికి సొమ్ము చాలు. వాటిని పది సెంట్లుగానే నిలపటానికి కుటుంబమంతా కలిసి చేసిన నిర్ణయం కావాలి. రిజిస్ట్రారు కచేరీ మెట్లు ఎక్కకముందే ఆ నిర్ణయం జరిగితే ముప్పై ఏళ్ళ జీతం నిజంగా ఇల్లవుతుంది.